కొయ్య కామెట్: కిటికీలు సరిచేశాక నాలుగు స్టార్లు

బెంగళూరు మురుగేశ్ పాళ్య వెనక సందులో ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. మెట్ల కింద లేత్ మిషన్, మేడ మీద ఒక గది, అంతే. ఆర్డరిస్తే కొయ్యతో విమానాల నమూనాలు చేసి ఇస్తారు. ఈ చుట్టుపక్కల విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, విమాన పరిశోధన చేసే ఎన్ఏఎల్ ఉద్యోగులు ఎక్కువ కాబట్టి, రిటైరయ్యేవాళ్లకు జ్ఞాపికగా ఇచ్చే తేజస్ యుద్ధవిమానాలు, ధ్రువ్ హెలికాప్టర్లే వాళ్లకు ఎక్కువగా వచ్చే ఆర్డర్లు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగిన తప్పులు కూడా చెప్పబోతున్నాను. ఇద్దరు మనుషులు నడుపుకునే చోటు. పేరు పెట్టి రాస్తే చదివినవాళ్లకు వాళ్ల పనితనం కంటే ఆ తప్పులే గుర్తుంటాయి.

నేను చేయించుకున్నది డీ హావిలాండ్ కామెట్ 1. టికెట్ ప్రయాణికులతో రోజువారీ సర్వీసులోకి వచ్చిన మొట్టమొదటి జెట్ విమానం అదే. 1:72 కొలతలో, బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషన్, అంటే బీఓఏసీ రంగులతో అడిగాను. తోక దగ్గర జి-ఏఎల్‌వైవీ అనే నంబరు ఉండాలన్నాను. ఆ రోజుల్లో పైలట్లు ఆఖరి రెండు అక్షరాలను పలికే పద్ధతిలో దాని పేరు యోక్ విక్టర్. ధర పద్నాలుగున్నర వేలు, అడ్వాన్సు ఐదు వేలు. ఐదు వారాల్లో ఇస్తామన్నారు. చేతికి వచ్చేసరికి పదకొండు వారాలు పట్టింది. ఆలస్యంలో సగం వాళ్ల వల్ల, సగం నా పట్టుదల వల్ల.

కామెట్‌ల గురించి తెలిసినవాళ్లు మామూలుగా యోక్ పీటర్ పేరు చెబుతారు. 1952 మే 2న లండన్ నుంచి జోహానెస్‌బర్గ్‌కు టికెట్ కొన్న ప్రయాణికులతో బయల్దేరింది అదే. 1954 జనవరి 10న రోమ్ నుంచి లేచిన ఇరవై నిమిషాలకే ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడిపోయిందీ అదే. ఇంజనీరింగ్ పుస్తకాల నిండా దాని కథే. నాకు కావలసింది మాత్రం మన నేల మీద పడిన విమానం. యోక్ విక్టర్ సింగపూర్ నుంచి లండన్ వెళ్తూ 1953 మే 2న కలకత్తాలో ఆగింది. కామెట్ సర్వీసు మొదలై ఆ రోజుకు సరిగ్గా ఏడాది. సాయంత్రం దాదాపు నాలుగున్నరకు అక్కడి డమ్‌డమ్ విమానాశ్రయం నుంచి ఢిల్లీకి లేచింది. ఆరు నిమిషాలకు గాలివానలో ముక్కలై హుగ్లీ జిల్లాలోని ఒక పల్లె దగ్గర పొలాల్లో పడింది. ముప్పై ఏడుగురు ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. ఒక్కరూ మిగల్లేదు. వాళ్లలో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ప్రతిపక్ష నాయకుడు ట్రెవర్ ఓల్డ్‌హామ్, ఆయన భార్య ఉన్నారు. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి బయల్దేరినవాళ్లు.

ఈ విమానం సంగతి నాకు పుస్తకాలకంటే ముందు మా నాన్న దగ్గర తెలిసింది. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో అక్కడ పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను పుట్టింది ఆ ప్రమాదం జరిగిన మరుసటి ఏడాది. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి వాయవ్యం మూల నల్లబడి, ఒక్క ఊపున గాలి లేచేది. బెంగాలీలు దాన్ని కాలబైశాఖి అంటారు. మేము మాత్రం మామిడికాయలు రాలతాయని సంచులు పట్టుకుని పరిగెత్తేవాళ్లం. అలాంటి ఒక సాయంత్రం వెనక్కి పిలిచి నాన్న చెప్పారు, ఇలాంటి గాలిలోనే ఇంగ్లిషువాళ్ల కొత్త విమానం కలకత్తా దగ్గర విరిగిపోయిందని, రెక్కల్లేని విమానం మంటలతో కిందకి రావడం పల్లెవాళ్లు చూశారని. "గాలికే విరిగిందా నాన్నా?" అని అడిగాను. "గాలి తోసింది. ముందే ఎక్కడన్నా అలిసిపోయి ఉందేమో ఎవరు చూశారు?" అన్నారు. ఇనుముకు కూడా అలుపొస్తుందని ఆయన మాటగా అన్నది కాదు. ఆయన పనే అది. చక్రాన్ని సుత్తితో కొట్టి వినేవారు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది. రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తెలుసుకోవడానికే పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో వోలర్ అనే ఆయన ఏళ్ల తరబడి ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించాడనీ, లోహపు అలసటను లెక్కలతో చూపించింది ఆయనేననీ నాకు కాలేజీలో చేరాక తెలిసింది.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడే పాలిటెక్నిక్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, అంటే ఏ వస్తువు ఎంత బలానికి ఆగుతుందో చెప్పే సబ్జెక్టు, చెప్పాను. రిటైరైనా శనివారాలు మా వరండాలో డిప్లొమా పిల్లలకు ఇప్పటికీ చెబుతున్నాను. బోర్డు మీద చతురస్రం గీసి, మూల దగ్గర నాలుగు బాణాలు వేసి "ఇక్కడ స్ట్రెస్ పోగుపడుతుంది" అంటే పిల్లలు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. చేతిలో పెట్టుకుని తిప్పి చూసే వస్తువుంటే మర్చిపోరు. అందుకే ఈ ఖర్చు.

షాపు నడిపే అబ్బాయిది ఏటికొప్పాక. ముప్పై దాటి ఉంటాయి. తాతల నాటి నుంచి లక్కబొమ్మల పని. లేత్ మీద తిప్పడానికి అంకుడు కర్ర తప్ప ఇంకోటి ముట్టుకోడు. మన అంకుడునే ఇక్కడ కన్నడంలో ఆలె మర అంటారు, చన్నపట్న బొమ్మలు చేసేదీ దాంతోనే. అందుకే ఇక్కడికొచ్చి పడ్డానండి, కర్ర దొరుకుతుంది అన్నాడు. తెల్లగా, మెత్తగా, పోగు కనపడనంత సన్నగా ఉండే కర్ర. కామెట్ ఒంటికి అంతకంటే మంచిది దొరకదు. ఎందుకంటే కామెట్ మొహం మామూలు విమానాల్లా నుదురు దగ్గర మెట్టు పడి ఉండదు. ముక్కు కొస నుంచి వీపు దాకా ఒకే వంపు. లేత్ మీద తిప్పడానికే పుట్టినట్టు ఉంటుంది. నాలుగు ఇంజన్లూ రెక్కల కింద వేలాడవు, రెక్క మొదట్లోనే దాక్కుని ఉంటాయి. ఆ నున్నదనం చూస్తే 1952లో జనం దాన్ని చూసి ఎందుకు అంత మురిసిపోయారో అర్థమవుతుంది.

ఆర్డరిచ్చిన రోజు నా దగ్గరున్న మూడు వైపుల డ్రాయింగ్ ఫొటోకాపీ ఇచ్చాను. కొలతలు పక్కన రాసి ఇచ్చాను. అసలు విమానం పొడవు 93 అడుగులు, రెక్కల కొస నుంచి కొసకు 115 అడుగులు. 72తో భాగిస్తే పొడవు 39 సెంటీమీటర్ల పైచిలుకు, రెక్కలు 48.7 రావాలి. అతను శ్రద్ధగానే విన్నాడు. కాగితం మడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. ఆ డబ్బాలోంచి అది మళ్లీ బయటికి రాలేదని నాకు ఆరు వారాల తర్వాత తెలిసింది.

ఆరో వారంలో ఫోన్ వచ్చింది. వెళ్లాను. బల్ల మీద గుడ్డ కప్పి ఉంచాడు, నేనొచ్చాక తీశాడు. అందంగా ఉందనడంలో సందేహం లేదు. లక్క మెరుగు అద్దంలా ఉంది. కానీ అది కామెట్ 1 కాదు. ఫోన్‌లో కామెట్ అని వెతికితే మొదట వచ్చిన బొమ్మ చూసి చేశాడు. అది కామెట్ 4. 1958లో అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టిన విమానం. ఒళ్లు పొడుగు, రెక్కల మీద ముందుకు పొడుచుకొచ్చే ఇంధనం ట్యాంకులు. అన్నిటికంటే ముఖ్యం, కిటికీలు గుండ్రం. ఆ కిటికీలు చూడగానే నాకు నిజంగా బాధేసింది. నలభై ముగ్గురి గుర్తుగా అడిగిన వస్తువు మీద, ఆ తర్వాత పాఠం నేర్చుకుని మార్చుకున్న కిటికీలు పెట్టి ఇచ్చాడు.

"బాబూ, ఈ కిటికీలు నలుచదరంగా ఉండాలి," అన్నాను.

"గుండ్రమైతే అందంగా ఉంటాయి కదా మేడమ్‌గారూ. చదరమైతే రైలు పెట్టెలా ఉంటదండి."

"అందం కోసం కాదు. అసలు విమానానికి అలాగే ఉండేవి."

"ఎవరు చూస్తారండీ, ఇంత చిన్న బొమ్మలో?"

"నా పిల్లలు చూస్తారు. ఆ కిటికీల కోసమే వాళ్లకు ఇది చూపించేది."

అతనికి అర్థం కాలేదు. నాకూ ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. అతని భార్య కిటికీ పక్కన కూర్చుని ప్యాకింగ్‌కి గుడ్డ చింపుతోంది. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని చర్రున లాగుతోంది. "అమ్మాయీ, గాటు పెట్టకుండా చింపు చూద్దాం," అన్నాను. లాగింది. రాలేదు. మళ్లీ లాగింది, వేళ్లు ఎర్రబడ్డాయి గాని గుడ్డ కదల్లేదు. "ఇప్పుడు గాటు పెట్టి లాగు." చర్రుమంది. జాకెట్టు ముక్క కొనడానికి వెళ్లిన ప్రతి ఆడదీ బట్టల కొట్లో ఇది చూసే ఉంటుంది. గుడ్డ బలం మారలేదు, చేతి బలం మారలేదు. గాటు కొస దగ్గర బలమంతా ఒక్క పోగు మీద పడుతుంది. అది తెగితే పక్కది, అది తెగితే దాని పక్కది. విమానం ఒంటికి కిటికీ అంటే పెట్టిన గాటు. గుండ్రని గాటైతే బలం చుట్టూ పంచుకుంటుంది. మూల తిరిగిన గాటైతే మూలనే పోగుపడుతుంది.

అతను లేచి ఆ గుడ్డ తీసుకుని తనే ఒకసారి చింపి చూశాడు. తర్వాత ఒక చిత్తు కాగితానికి మధ్యలో ఉలితో చదరంగా కన్నం చేశాడు, ఇంకోదానికి గుండ్రంగా. రెండూ లాగాడు. ఇది నేను చెప్పలేదు, తనకే తోచింది. "మరి ఆ ఇంగ్లిషువాళ్లకి తెలీదాండీ?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నేను క్లాసులో కూడా తొందరపడి జవాబు చెప్పను. తెలుసు. ఆ కిటికీల మూలలు కత్తితో కోసినట్టు పదునుగా ఉండేవి కావు, కాస్త ఒంపు తిప్పినవే. చదరపు కిటికీ పెట్టిన తెలివితక్కువవాళ్లు అని నవ్వేసి వదిలేస్తే అసలు పాఠం పోతుంది. వాళ్లకు తెలియనిది వేరే. కామెట్ నలభై వేల అడుగుల ఎత్తున ఎగిరినా లోపల గాలి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచాలి. అంటే ప్రతి ప్రయాణంలోనూ లోపలి నుంచి చదరపు అంగుళానికి 8.25 పౌండ్ల ఒత్తిడి. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పటి ఒత్తిడిలో సగానికి కాస్త ఎక్కువ. కానీ కుక్కర్ గోడ మందం వేరు. కామెట్ తొడుగు అల్యూమినియం రేకు మందం మిల్లీమీటరు కూడా లేదు. పైకి వెళ్తే ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచితే మొదటిసారి విరగదు, పదోసారీ విరగదు, ఎప్పుడో ఒకసారి చేతిలోనే ఊడిపోతుంది చూశారా, అదే సంగతి.

కంపెనీవాళ్లు పరీక్ష చేయకపోలేదు. విమానం ముందు భాగాన్ని అసలు ఒత్తిడికి రెట్టింపు పెట్టి చూశారు, ఆగింది. అదే ముక్కను మళ్లీ మళ్లీ ఉబ్బించి దించారు, పదహారు వేల సార్లకు పైగా ఆగింది. ఇంకేం భయం అనుకున్నారు. కానీ ముందు పెట్టిన ఆ రెట్టింపు ఒత్తిడి వల్లే మూలల దగ్గర లోహం కాస్త సాగి, బిగిసి, ఆ తర్వాత వచ్చే అలసటను తట్టుకునేలా తయారైంది. పరీక్షలో గట్టిపడిన ముక్క వేరు, జనాన్ని మోసిన విమానాలు వేరు. నా ముప్పై ఒక్క ఏళ్ల పాఠాల్లో పిల్లలకు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇదే. పరీక్షించిన వస్తువు, వాడుతున్న వస్తువు ఒకటేనా అని ముందు అడగండి అని.

యోక్ పీటర్ పడ్డాక కామెట్‌లను ఆపారు, చిన్న చిన్న మార్పులు చేసి మళ్లీ ఎగరనిచ్చారు. రెండు వారాలకే, 1954 ఏప్రిల్ 8న, యోక్ యోక్ అనే విమానం రోమ్ నుంచి కైరో వెళ్తూ నేపుల్స్ దగ్గర సముద్రంలో పోయింది. అప్పుడు పూర్తిగా ఆపేశారు. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో సర్ ఆర్నాల్డ్ హాల్ బృందం యోక్ అంకుల్ అనే ఇంకో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో దించింది. రెక్కలు మాత్రం బయటికి ఉంచి, లోపల నీళ్లతో ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయారు. గాలి నింపితే పగిలినప్పుడు బాంబులా పేలి ఆధారమే పోతుంది, నీళ్లయితే పగులు పడిన చోట అలాగే ఆగుతుంది. అది అంతకుముందు నిజంగా ఎగిరింది 1,221 సార్లు. తొట్టిలో ఇంకో 1,836 సార్లు ఉబ్బాక కిటికీ మూల దగ్గర చీలిపోయింది. మొత్తం 3,057. యోక్ పీటర్ పోయింది 1,290వ ప్రయాణంలో. యోక్ యోక్ దాదాపు 900కే.

ఇదంతా ఆ మేడ మీద గదిలో నిలబడి చెప్పాను. మధ్యలో పైనుంచి తేజస్ ఒకటి వెళ్లింది, అది పోయేదాకా ఆగాం. చివర్లో అతను "ఇంకోటి చేస్తానండి. దీనికి డబ్బులొద్దు," అన్నాడు. గుండ్రని కిటికీలది తర్వాత ఎవరికో అమ్ముకున్నాడు, మంచిదే. అది కామెట్ 4గా నిఖార్సైన బొమ్మ.

రెండోసారి నేను ఇంకో మాట కలిపాను. వీపు మీద, ముందు భాగంలో, నడిమధ్యన రెండు చిన్న కిటికీలు కావాలన్నాను. ఎవరూ చేయరు వీటిని. జనం చూసే కిటికీలు కావు. ఏడీఎఫ్ అనే దారి చూపే రేడియో యాంటెన్నాల మీద మూతలు. ఎల్బా దగ్గర సముద్రంలోంచి చేపల పడవలతో వలలు వేసి యోక్ పీటర్ ముక్కలు తీశాక, మొదటి పగులు మొదలైంది ఆ వీపు కిటికీ మూల దగ్గరని తేలింది. ప్రయాణికులు తల ఆనించి చూసే కిటికీ కాదు. అందుకే నా పిల్లలు బొమ్మను పక్కనుంచి కాదు, పైనుంచి చూడాలి.

ఇక రెండో బొమ్మ సంగతి. టేపు పెట్టి కొలిచాను. రెక్కలు 48.5, పొడవు 39.4. ఇంత చిన్న తేడాకు పేచీ పెట్టను. ఒంటి గుండ్రదనం, తోక వైపు సన్నబడే తీరు డ్రాయింగ్‌తో సరిపోయింది. రెక్కలు టేకు, ఒంటికి కలిసిన చోట అతుకు కనపడదు, వేలితో రాస్తే తప్ప తెలియదు. ఇంజన్లకు గాలి లోపలికి పోయే నోళ్లు రెక్క మొదట్లో రెండేసి ఉన్నాయి. మొదటి బొమ్మలో వాటికి నల్లరంగు చుక్కలు పెట్టి ఊరుకున్నాడు, ఈసారి నిజంగా తొలిచాడు. పైభాగం తెలుపు, నడుమ నీలం పట్టీ, కింద వెండి. తెలుపు లక్కతో వేసి మొగలి ఆకుతో రుద్దాడు, చూపు తిప్పుకోలేం. నీలం పట్టీ మాత్రం తోక దగ్గర సన్నగా ఒణికింది. చేత్తో వేసిన గీత. స్టిక్కరైతే తిన్నగా ఉండేది గాని నేను అడగను.

కిటికీలు చదరంగా, మూలలు కొంచెం ఒంపుగా వచ్చాయి. ఉలితో కాదు, మూలమూలకూ సన్న బెజ్జం వేసి తర్వాత కోశాడట. "మూలన బెజ్జమేస్తే కర్ర కూడా చీలదండి," అన్నాడు. లోహంలో పగులు ముందుకు పోకుండా దాని కొసన కన్నం వేసి ఆపే పద్ధతి మా వర్క్‌షాపుల్లోనూ ఉంది. అతనికి అది వాళ్ల తాత నేర్పాడు.

నేను ఎక్కువ పేచీ పెట్టింది పీఠం మీద ఇత్తడి రేకు దగ్గర. నేను రాసిచ్చింది నాలుగే మాటలు: యోక్ విక్టర్, కలకత్తా, 2 మే 1953, నలభై ముగ్గురు. అతను సొంతంగా ఒక వరస చేర్చాడు, "లోహపు అలసట వల్ల కూలిన విమానం" అని. ఎక్కడో చదివి, నాకు నచ్చుతుందనుకున్నాడు. తీయించేశాను. దీనికి కారణం ఉంది.

యోక్ విక్టర్ మీద విచారణ మన దేశంలోనే జరిగింది. గాలివానలో విమానం ఆకాశంలోనే విరిగిందని తేల్చారు. విపరీతమైన గాలి ఊపుల వల్ల గాని, ఆ ఊపుల్లో పైలట్ కంట్రోల్స్ అతిగా వాడడం వల్ల గాని, అదుపు తప్పడం వల్ల గాని జరిగి ఉంటుందన్నారు. కామెట్‌లో కంట్రోల్స్ పూర్తిగా యంత్రబలంతో కదిలేవి. రెక్క మీద ఎంత బరువు పడుతోందో పైలట్ చేతికి తెలిసేది కాదు. ఆ తెలియకపోవడం గురించి అప్పట్లో గట్టిగానే మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది ఎల్బా, నేపుల్స్ సంగతులు బయటపడ్డాక చాలామంది కలకత్తాదీ అదే ఖాతాలో వేసేశారు. నా లెక్కలో అది సరికాదు. లేచిన ఆరు నిమిషాల్లో విమానం నలభై వేల అడుగులకు చేరదు. లోపలి ఒత్తిడి పూర్తిగా ఉండే ఎత్తు కాదది. మిగిలిన రెండు విమానాల్లా లోపలి గాలికే పగిలిందని చెప్పడానికి ఆధారం లేదు. గాలి తోసింది, ముందే ఎక్కడన్నా అలిసిపోయి ఉందేమో ఎవరు చూశారు అని మా నాన్న అన్న మాట దగ్గరే నేను ఇప్పటికీ ఉన్నాను. రేకు మీద చెక్కడానికి అది చాలదు.

ఆ ఆరు నిమిషాల్లో లోపల ఏం జరిగిందో చెప్పే పెట్టె ఆ విమానంలో లేదు. కామెట్ ప్రమాదాల మీద చర్చలకు కూర్చున్నవాళ్లలో డేవిడ్ వారెన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఒకరు. పైలట్ల మాటలు రికార్డు చేసి, ప్రమాదంలో పాడవకుండా దాచే యంత్రం ఉంటే ఎంత బాగుండేదన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. ఇవాళ మనం బ్లాక్ బాక్స్ అంటున్నది దాని నుంచి పుట్టిందే. ఆయన తండ్రి కూడా 1934లో విమాన ప్రమాదంలోనే పోయారు. ఈ ముక్క చెప్పినప్పుడు షాపు అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. రేకు విప్పి పక్కన పెట్టి, కొత్తది కోయడం మొదలుపెట్టాడు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానో చెబుతాను. పీఠం మీద నిలబెట్టే ఇత్తడి కడ్డీకి పొట్ట కింద కన్నం బిగుతుగా వేశారు. ఇంటికి తెచ్చిన తొమ్మిదో రోజు అక్కడ కర్ర పోగు వెంబడి అంగుళం మేర సన్నటి చీలిక వచ్చింది. కర్ర పూర్తిగా ఆరకముందే పని మొదలుపెట్టారని నా అనుమానం, మొదటి బొమ్మ తప్పుగా వచ్చిన తొందరలో. తీసుకెళ్తే మారు మాట్లాడకుండా తీసుకున్నారు, కన్నం వెడల్పు చేసి, రంపపు పొట్టు లక్కతో కలిపి పూడ్చి మూడు రోజుల్లో ఇచ్చారు. డబ్బు అడగలేదు. చీలిక మళ్లీ పెరగలేదు, పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి నెల రోజులు చూశాను. కానీ ఇంత ఖరీదు పెట్టి కొన్నదానికి తొమ్మిదో రోజే రిపేరు ఉండకూడదు. రెండోది ఫోన్. మధ్యలో మూడు వారాలు నేను చేస్తే తప్ప వాళ్లు చేయలేదు. ఆలస్యమవుతుందని ఒక్క మెసేజ్ పెట్టినా టెన్షన్ ఉండేది కాదు. ప్యాకింగ్ మాత్రం బాగుంది. థర్మోకోల్‌ను రెక్కల ఆకారంలో కోసి పెట్టారు, ఆటోలో గుంతల రోడ్డు మీద వచ్చినా ఏమీ కాలేదు.

ధర గురించి అడుగుతారు. పద్నాలుగున్నర వేలు ఎక్కువే. ప్లాస్టిక్ కిట్ తెచ్చి మీరే అతికించుకుంటే చాలా తక్కువలో అయిపోతుంది. అల్మరాలో పెట్టుకోవడానికైతే అదే మేలు. నా బొమ్మను వారానికి పన్నెండు మంది పిల్లలు చేత్తో పట్టుకుంటారు. మొదటి శనివారం ఒక అమ్మాయి, వాళ్లమ్మ కోరమంగళలో టైలర్, బొమ్మను తిప్పి తిప్పి చూసి వీపు మీద కిటికీలు దేనికని తనంతట తనే అడిగింది. మిగతావాళ్లంతా పక్క కిటికీల చుట్టూ మూగి ఉన్నారు. ఆ రోజు బోర్డు మీద ఏమీ గీయలేదు. ఆ పిల్ల వాళ్లమ్మ మెడ కత్తిరించేటప్పుడు మూల తిప్పకుండా గుండ్రంగా ఎందుకు తిప్పుతుందో, చదరపు మెడ కుడితే మూల దగ్గర లోపల ముక్క ఎందుకు వేస్తుందో తనే మిగతావాళ్లకు చెప్పింది. లోపల ముక్క వేయడమంటే రేకు మందం పెంచడమే. క్లాసు ముప్పావు గంట ఆలస్యంగా అయింది.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఎక్కువ ఆర్డర్లు తేజస్‌లే కాబట్టి పాత విమానాలు అడిగితే వాళ్లు ఫోన్‌లో వెతికిన బొమ్మ చూసి మొదలుపెడతారు. కచ్చితమైన మోడల్ పేరు, ఏ సంవత్సరంది, మూడు వైపుల డ్రాయింగ్ ఇచ్చి, ఆ డ్రాయింగ్ గోడకు అంటించేదాకా అక్కడే నిలబడండి. ఒళ్లు లేత్ మీద తిప్పాక, రంగు వేయకముందు ఒకసారి చూపించమని అడగండి, చూపిస్తారు. కర్ర ఎన్నాళ్లు ఆరిందో అడగండి. పేరు రేకు మీద ఏం రాయాలో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. తెలుగులో చెక్కగలరు, ఒత్తులు కూడా చక్కగా వచ్చాయి. సోమవారం సెలవు. షాపు ఎక్కడో కావలసినవాళ్లు నన్ను విడిగా అడగండి, చెబుతాను. నేను యోక్ అంకుల్‌కు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను, తొట్టితో సహా. ఈసారి ఎనిమిది వారాలన్నారు.